తోడు పెట్టే చెయ్యి

పటమటలో కన్యాస్త్రీలు నడిపే ఆడపిల్లల బోర్డింగులో శౌరమ్మ పదకొండేళ్ళుగా వంట చేస్తోంది. నూట పదిమంది పిల్లలు. తెల్లారుజామున గుడి గంట కొట్టకముందే రెండు పొట్టుపొయ్యిలు దట్టించి, ఒకదాని మీద ఎసరు, ఒకదాని మీద పాలు పెట్టేసేది. గట్టి మనిషి. ముప్ఫై ఆరేళ్ళు దాటినా అన్నం డేగిసాని ఎవరి సాయం లేకుండా వంచి గంజి వార్చేది. మొగుడు మరియదాసు బందరు కాలువ లాకుల దగ్గర తలుపులెత్తి దించే లస్కరు. కాలువగట్టు మీదే రెండు గదుల ఇల్లు. పిల్లలు లేరు. ఎవరైనా ఆ మాటెత్తితే, "నూట పదిమంది ఉన్నారుగా" అని నవ్వేసేది.

1973లో వేసవి సెలవులయిపోయి బడులు తెరిచిన వారానికి, ఒక పొద్దున బోర్డింగు వెనకున్న పనివాళ్ళ మరుగుదొడ్డిలో శౌరమ్మ నెత్తురు చూసింది. కొంచెమే, ఒక చెంచాడు ఉంటుందేమో. బంకతో కలిసి ఉంది. ఆమె గోడకి చెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయింది. లోపల ఎసరు పొంగుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది.

ఆమెకి వెంటనే వాళ్ళమ్మ గుర్తొచ్చింది.

వాళ్ళమ్మ పేరు మార్త. అవుటపల్లి పక్కన పల్లెలో ఉండేవాళ్ళు. శౌరమ్మకి పదేళ్ళప్పుడు మార్తకి రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. అంటుకునే జబ్బని ఊళ్ళో అన్నారు. గొడ్ల సావిట్లో ఒక మూల మంచం వేసి పడుకోబెట్టారు. రోజూ గంజి తీసుకెళ్ళే పని శౌరమ్మది. గుమ్మంలో గిన్నె పెట్టి వెనక్కి పరిగెత్తుకొచ్చేది. "కాసేపు కూర్చుని పోవే" అని లోపల్నించి పిలుపు వినపడేది. ఒక్కరోజూ కూర్చోలేదు. ఐదు నెలలకి మార్త పోయింది. పోయేనాటికి మంచంలో పట్టెడు ఎముకలు తప్ప ఏం లేవు.

వేడి చేసి ఉంటుందని శౌరమ్మ తనకి తాను చెప్పుకుంది. సగ్గుబియ్యం జావ కాచుకుని తాగింది. నాలుగు రోజులకి నెత్తురు ఆగింది. పదో రోజున మళ్ళీ కనపడింది. ఈసారి పొద్దున్నే మూడుసార్లు వెళ్ళాల్సొచ్చింది.

పటమట సెంటర్లో మందులషాపు పక్కన కూర్చునే కాంపౌండరు దగ్గరికి వెళ్ళింది. ఆయన నాలిక చూసి, పొట్ట నొక్కి, "జిగట విరేచనాలమ్మా. పేగులో పురుగుంది. ఈ మాత్రలు వాడితే చస్తుంది" అని చేదు మాత్రలిచ్చాడు. అవి వాడితే నోరంతా ఇనుము కొరికినట్టుండేది. నెలరోజులు బాగుండేది, మళ్ళీ మొదలయ్యేది. ఇంజెక్షన్లు పొడిచాడు. వాటికి గుండె దడ పుట్టింది తప్ప నెత్తురు ఆగలేదు.

బోర్డింగులో చేరిన రోజునే మదరుగారు ఆమెకో మాట చెప్పి ఉంచింది. మదర్ ఫిలోమినా ఆ బోర్డింగుకి పెద్ద. నెమ్మదిగా మాట్లాడుతుంది గానీ మాటంటే మాటే. "వంటింట్లో పనిచేసేవాళ్ళకి విరేచనాలు పట్టుకుంటే ఆరోజే నాకు చెప్పాలి. తగ్గేదాకా వంటింటి గడప తొక్కకూడదు. పిల్లల ప్రాణాలు మీ చేతుల్లో ఉంటాయి."

మొదటి రోజునే చెప్పాల్సింది. తగ్గిపోతుందిలే అనుకుని చెప్పలేదు. తగ్గకపోయేసరికి, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే ఏం జవాబివ్వాలో తెలియక చెప్పలేదు. నెలలు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైపోయింది. మొగుడికీ చెప్పలేదు. చెబితే ఆయన కళ్ళల్లో కూడా ఆ గొడ్లసావిడి కనపడుతుందేమోనని భయం.

అప్పట్నించి ఆమె రోజంతా భయంతోనే నడిచేది. వంటింటి నించి మరుగుదొడ్డికి నలభై రెండు అడుగులు. పొట్టలో మెలిక పడిందంటే ఆ నలభై రెండు అడుగులు అందుతాయో లేదో తెలియదు. ఆదివారం పూజలో వెనక బెంచీలో, తలుపు పక్కనే కూర్చునేది. ఎవరింటికీ పోవడం మానేసింది. బస్సెక్కడం మానేసింది. బజారుకి పంపితే ఏదో వంక చెప్పి తప్పించుకునేది. తెల్లచీర కట్టడం మానేసింది.

వీటన్నిటికంటే పెద్ద భయం పిల్లలది. తన పేగులో ఉన్న పురుగు తన చేతుల్లోంచి అన్నంలోకి పోతుందేమోనని. దొడ్డికి వెళ్ళొచ్చిన ప్రతిసారీ బూడిదతో తోముకుని, ఆపైన ఎర్రసబ్బుతో మోచేతులదాకా రెండేసిసార్లు కడుక్కునేది. వేళ్ళు బీటలు వారాయి. కారం కలిపితే ఆ బీటల్లో మంట రేగేది. కూరలు తరిగే మణెమ్మ ఒకరోజు ఆ చేతులు చూసి, "ఏంటి శౌరక్కా, చేతులిట్టా అయినాయి" అంది.

"సబ్బు పడటంలేదే" అంది శౌరమ్మ.

"పడకపోతే అన్నిసార్లు కడగటం దేనికి?"

శౌరమ్మ పొయ్యి వైపు తిరిగిపోయింది. మణెమ్మ రెట్టించలేదు. కానీ ఆ తర్వాత మణెమ్మ తన మంచినీళ్ళ గ్లాసు వేరే పెట్టుకోవడం శౌరమ్మ గమనించింది.

పెరుగు తోడుపెట్టడం శౌరమ్మ పని. సాయంత్రం పాలు కాచి, చల్లారాక చిటికెనవేలు ముంచి చూసేది. వేలికి హాయిగా తగిలితే అప్పుడు తోడేసేది. పదేళ్ళుగా ఆ లెక్క తప్పలేదు. ఇప్పుడు పాలల్లో వేలు పెట్టాలంటే ఒళ్ళు జలదరించింది. వేలు పెట్టడం మానేసి గిన్నె బయట చెయ్యానించి చూడటం మొదలుపెట్టింది. ఇత్తడి గిన్నె మోసం చేసింది. రెండుసార్లు పాలు వేడిగా ఉండగానే తోడు పడింది. మర్నాడు పెరుగు తోడుకోలేదు, నీళ్ళూ పలుకులూ. పిల్లలు మొహాలు చిట్లించారు. మదరుగారు వంటింట్లోకి వచ్చి గిన్నె చూసి, "నీకు ఒంట్లో బాగుంటోందా శౌరమ్మా?" అని అడిగింది.

"బాగానే ఉందండీ" అంది శౌరమ్మ. ఆ అబద్ధం చెప్పి చిక్కుడుకాయల బుట్ట మీదికి వంగిపోయింది.

1974 ఆగస్టులో, మరియమాత పండగ వెళ్ళిన మూడో రోజున దయామణి పడిపోయింది.

దయామణి ఏడోక్లాసు పిల్ల. కోడూరు వైపు నించి వచ్చి చదువుకుంటోంది. సన్నగా చీపురుపుల్లలా ఉండేది. పెరుగు మీద మీగడ కోసం అందరికంటే ముందు పళ్ళెం పట్టుకుని వచ్చేది. పొద్దున ప్రార్థనలో కళ్ళు తిరిగి పడిపోయిందన్నారు. రాత్రి నించి విరేచనాలట. మధ్యాహ్నానికి నెత్తురు పడుతోందన్నారు. సాయంత్రానికి ఇంకో ముగ్గురు పిల్లలు. రిక్షాల్లో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి సెలైన్లు పెట్టించారు.

నెత్తురు అన్న మాట మణెమ్మ నోట వినగానే శౌరమ్మ చేతిలో గరిట పొయ్యిలో పడింది. ఆమె దాన్ని తియ్యలేదు. పప్పు మాడుతున్నా కదల్లేదు. తనే. ఇంక అనుమానమే లేదు. తన పేగులో పురుగు తన చేతి మీదుగా ఆ పిల్ల కడుపులోకి వెళ్ళింది. ఆ పిల్లకి ఏమైనా అయితే వాళ్ళమ్మ కోడూరు నించి వస్తుంది. ఆవిడ మొహం ఎలా చూడటం?

వంటింట్లోంచి బయటికొచ్చి తిన్నగా గుడిలోకి వెళ్ళింది. మోకాళ్ళ మీద కూర్చుంది గానీ ఒక్క ప్రార్థన మాట నోటికి రాలేదు. కడుపులో మెలిక పడుతోంది. లేచి దొడ్డికి పోయింది. అక్కడ మళ్ళీ నెత్తురు. చేతులు కడుక్కుని, తడి చేతులతోనే మదరుగారి గది తలుపు తట్టింది.

మదరుగారు ఆసుపత్రి నించి అప్పుడే వచ్చి కుర్చీలో కూర్చుంటోంది.

"ఆ పిల్లకి జబ్బు నావల్లే వచ్చిందండీ" అంది శౌరమ్మ. గుమ్మంలోనే నిలబడింది.

"ఏమంటున్నావు?"

"నాకు ఏడాది పైనించి రక్తవిరేచనాలు. మీరు చెప్పమన్నారు. నేను చెప్పలేదు. ఈ చేతులతోనే వండిపెట్టాను."

మదరుగారు కూర్చోబోతున్నదల్లా మళ్ళీ లేచి నిలబడింది. ఆమె తెల్లటి మొహం ఇంకా తెల్లబడింది. శౌరమ్మ తిట్టు కోసం ఎదురుచూసింది. తిడితే బాగుండుననిపించింది.

"ఏడాది" అంది మదరుగారు చివరికి. "ఏడాదిపాటు అదే ఒంటితో రోజూ డేగిసాలు ఎత్తావా?"

శౌరమ్మ అప్పుడు ఏడ్చింది.

"నువ్వు చేసింది తప్పు. చిన్న తప్పు కాదు" అంది మదరుగారు. "ఈ నిమిషం నించి వంటింట్లోకి వెళ్ళొద్దు. రేప్పొద్దున నాతో డాక్టరు దగ్గరికి రా. ఏది ఎవరివల్ల వచ్చిందో నువ్వూ నేనూ కాదు చెప్పాల్సింది."

డాక్టర్ ఛాయాదేవి ఆసుపత్రి గవర్నరుపేటలో ఉంది. నలభై ఏళ్ళ మనిషి. మద్రాసులో చదువుకుని వచ్చింది. శౌరమ్మ చెప్పింది మొదటినించి చివరిదాకా అడ్డురాకుండా విని, మూడు రోజులపాటు మూడు సీసాల్లో మలం పట్టి పరీక్షకి ఇమ్మంది. బోర్డింగు పిల్లల పరీక్షలు కూడా అదే లాబొరేటరీలో జరుగుతున్నాయి.

ఆ మూడు రోజులూ శౌరమ్మ కాలువగట్టు మీద ఇంట్లోనే ఉండిపోయింది. మరియదాసుకి చెప్పక తప్పలేదు. చెబుతున్నంతసేపూ అతని మొహంలోకి చూడలేదు, కాలువలో పోతున్న గడ్డిపడవ వైపు చూస్తూ చెప్పింది. చెప్పడం అయిపోయాక తన కంచం, గ్లాసు, చాప తీసుకెళ్ళి వెనక చూరు కింద పెట్టుకుంది.

మరియదాసు లాకుల దగ్గరికి వెళ్ళి వచ్చి, ఆ చాప చుట్ట చుట్టి మళ్ళీ ఇంట్లో వేశాడు.

"అంటుకుంటుందయ్యా" అంది శౌరమ్మ.

"ఏడాది నించి అంటుకోనిది ఇయ్యాళ అంటుకుంటదా?" అన్నాడతను. ఆమె వండుకున్న గంజి గిన్నెలోంచే తనూ పోసుకున్నాడు. తాగేముందు మాత్రం గోడమీది మరియమాత పటం వైపు ఒకసారి చూశాడు. అది చూసి ఆమెకి భయం ఇంకా ఎక్కువైంది.

నాలుగో రోజున మదరుగారితో మళ్ళీ గవర్నరుపేట వెళ్ళింది. ఛాయాదేవి బల్లమీద కాయితాలు రెండు కట్టలుగా పెట్టుకుంది.

"పిల్లల నలుగురిలోనూ రక్తవిరేచనాల క్రిమి దొరికింది" అంది. "నలుగురూ పండగనాడు గేటు బయట పుల్లైసు కొనుక్కుని తిన్నారట. అది తిన్న బయటి పిల్లలు కూడా ఇద్దరు నా దగ్గరికొచ్చారు. శౌరమ్మ కాయితాల్లో ఆ క్రిమి లేదు. అమీబా లేదు. మూడు రోజులూ ఏమీ లేదు. ఆమెవల్ల పిల్లలకి రాలేదు మదర్."

మదరుగారు కళ్ళు మూసుకుని శిలువ గుర్తు వేసుకుంది. దయామణి తేరుకుంటోందని, అన్నం అడుగుతోందని శౌరమ్మ వైపు తిరిగి చెప్పింది. శౌరమ్మకి ముందు ఒంట్లోని బరువంతా దిగిపోయినట్టయింది. అది ఎంతోసేపు నిలవలేదు.

"పురుగు లేకపోతే నాకు నెత్తురెందుకు పడుతోందండీ?"

"అదే చూడాలి" అంది డాక్టరు.

చూడటమంటే వెనక నించి గొట్టం పెట్టి, లైటు వేసి చూడటం. మోకాళ్ళ మీద వంగి ఉన్నంతసేపూ శౌరమ్మ పళ్ళు బిగపట్టింది. నొప్పికంటే సిగ్గు ఎక్కువ, సిగ్గుకంటే భయం ఎక్కువ. కాన్సరు అంటారేమోనని. గుణదల మాత పేరు తలుచుకుంటూనే ఉంది. పేగు లోపల్నించి చిన్న ముక్క తీసి పరీక్షకి గుంటూరు పంపారు. దాని జవాబుకి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజుల్లో ఆమె మరియదాసుకి వంట నేర్పింది. ఎందుకు నేర్పుతోందో అతనడగలేదు.

కాన్సరు కాదని తేలింది. జబ్బు పేరు అల్సరేటివ్ కొలైటిస్ అని డాక్టరు చెప్పింది. ఆ పేరు శౌరమ్మకి నోరు తిరగలేదు.

"పెద్దపేగు లోపలిపొర అంతా వాచి పుళ్ళు పడింది" అని వివరించింది ఛాయాదేవి. "ఎందుకు పడుతుందో ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియదు. బయటి శత్రువుల్ని చంపాల్సిన మన ఒంటి శక్తే పొరపాటున మన పేగునే శత్రువనుకుని మీద పడుతోందని కొందరంటారు. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉండేదా?"

శౌరమ్మ వాళ్ళమ్మ సంగతి చెప్పింది. గొడ్లసావిడి సంగతి కూడా.

డాక్టరు అంతా విని, "చూడకుండా చెప్పలేను. ఆవిడదీ ఇదే కావచ్చు" అంది. "ఇదే అయితే మాత్రం ఇది అంటుకునేది కాదమ్మా. ఒకరి నించి ఒకరికి రాదు."

శౌరమ్మ బల్ల అంచు పట్టుకుని కూర్చుండిపోయింది. అంటుకునేది కాదు. గుమ్మంలో గిన్నె పెట్టి పరిగెత్తక్కర్లేకపోయింది. మంచం మీద కూర్చుని అమ్మ జుట్టు దువ్వి ఉండవచ్చు. ఐదు నెలలు. కాసేపు కూర్చుని పోవే అన్న పిలుపు ఎన్నిసార్లు విందో లెక్కలేదు. మదరుగారు పక్కనించి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

మందులు మొదలయ్యాయి. నారింజరంగు సల్ఫా మాత్రలు రోజుకి ఎనిమిది. అవి వేసుకుంటే మూత్రం కూడా ఆ రంగే వచ్చేది. ముందుగా చెప్పినా మొదటిసారి చూసి హడలిపోయింది. వాపు తగ్గడానికి స్టెరాయిడ్ మాత్రలిచ్చారు. వాటితో మొహం పూరీలా ఉబ్బింది. గట్టు మీద ఆడవాళ్ళు ఒళ్ళు చేశావన్నారు.

నెత్తురు సగానికి తగ్గింది గానీ పూర్తిగా ఆగలేదు. అక్టోబరులో వెళ్ళినప్పుడు ఛాయాదేవి, "పెరుగు తింటున్నావా?" అని అడిగింది.

"లేదండీ. పుళ్ళమీద పులుపు పడకూడదని అంతా అన్నారు. ఏడాది పైనైంది మానేసి."

"పాలు నీకు పడకపోవచ్చు, అవి వద్దు. పెరుగు తిను. పుల్లబడకముందే, వెన్న తీసిన మజ్జిగ చేసుకుని రెండు పూటలా తాగు. తోడులో ఉండే క్రిముల జాతివే కొన్ని ఇప్పుడు మాత్రల్లో కూడా వస్తున్నాయి. అవీ రాస్తాను."

శౌరమ్మ తెల్లబోయింది. "క్రిములు తినమంటున్నారా అండీ?"

ఛాయాదేవి నవ్వలేదు. ఆమె భయం ఎక్కణ్ణించి వచ్చిందో తెలుసు కనుక కుర్చీ ముందుకి జరుపుకుని చెప్పింది. "పెరుగు ఎట్లా తోడుకుంటుంది? కాలే పాలల్లో తోడేస్తే ఏమవుతుంది?"

"తోడుకోదండీ."

"తోడులో ప్రాణమున్న క్రిములున్నాయి కనుక. వేడికి అవి చచ్చిపోతాయి. గోరువెచ్చని పాలల్లో పడితే పెరుగుతాయి. అవి పెరిగి పాలని పులిపిస్తాయి, ఆ పులుపులో కుళ్ళబెట్టే క్రిములు నిలవలేవు. మన పెద్దపేగులో కూడా లెక్కలేనన్ని క్రిములుంటాయి. పుట్టిన కొద్ది రోజులకే వచ్చి చేరతాయి. వాటిలో మేలుచేసేవి చాలా ఉన్నాయి. నీకు ఏడాదిపాటు పురుగుని చంపే మందుల మీద మందులు పోశారు. చెడ్డవాటితోపాటు మంచివీ పోయుంటాయి. మంచివి మళ్ళీ చేరితే చెడ్డవాటికి చోటు తగ్గుతుందని, పేగుపొరకి కొంచెం ఉపశమనం దొరుకుతుందని కొందరు డాక్టర్లు అనుకుంటున్నారు."

"తగ్గిపోతుందాండీ?"

"తెలియదమ్మా. రుజువులు లేవు. కొంతమందికి మేలు చేసినట్టు కనపడింది, అంతే. చెడు చేసే పని కాదని మాత్రం అనుకుంటున్నాను. మజ్జిగ ఈ మాత్రలకి తోడుగానే, బదులుగా కాదు. ఈ మాట గుర్తుపెట్టుకో."

ఆరోజు ఇంటికొచ్చి శౌరమ్మ ఏడాది తర్వాత మొదటిసారి చిటికెనవేలు పాలల్లో ముంచింది. మర్నాడు గిన్నెలో పెరుగు గడ్డగా తోడుకుంది. మజ్జిగ చిలికి గ్లాసులో పోసుకుని, దాన్ని చూస్తూ చాలాసేపు కూర్చుంది. కంటికి తెల్లగా, చల్లగా కనపడుతోంది గానీ అందులో ప్రాణమున్నవి కోట్ల కొద్దీ కదులుతున్నాయన్న ఆలోచన పోవడంలేదు. కళ్ళు మూసుకుని గుటకేసింది. సాయంత్రం దాకా పొట్టమీద చెయ్యేసుకుని ఏ మెలిక వస్తుందోనని కనిపెట్టుకుని ఉంది. ఏమీ రాలేదు.

క్రిస్మస్ నాటికి నెత్తురు కనపడటం మానేసింది. రోజుకి ఎనిమిదిసార్లు పోయేది రెండుసార్లకి వచ్చింది. మాత్రల వల్లనో, మజ్జిగ వల్లనో, రెండూ కలిసో డాక్టరు కూడా తేల్చి చెప్పలేదు. ఆమెవల్ల ఎవరికీ జబ్బు అంటదని కాయితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చింది. మదరుగారు దాన్ని పనివాళ్ళందరి ముందూ చదివి, శౌరమ్మని మళ్ళీ వంటింట్లోకి పంపింది.

కాయితం చదివినంత మాత్రాన భయం పోదు. మణెమ్మ రెండు నెలలపాటు శౌరమ్మ తోడుపెట్టిన పెరుగు ముట్టలేదు. ఉత్త చారుతో లేచిపోయేది. శౌరమ్మ తప్పుపట్టలేదు. గుమ్మంలో గిన్నెపెట్టి పరిగెత్తడం ఏమిటో ఆమెకి తెలుసు. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం మణెమ్మ తనంతట తనే కంచం చాపి, "కొంచెం పెరుగెయ్యక్కా" అంది. మొహం మాత్రం పక్కకి తిప్పుకుంది. శౌరమ్మ వేసింది.

ఏడాది పైన బాగా గడిచింది. అక్కడే శౌరమ్మ పొరబడింది. మాత్రలతో తలనొప్పి, వికారం. మజ్జిగతో హాయి. మజ్జిగే తనని నిలబెట్టిందని ఆమెకి గట్టి నమ్మకం కుదిరింది. 1976 జనవరిలో డాక్టరుకి చెప్పకుండా మాత్రలు మానేసింది. మజ్జిగ రెండు గ్లాసులు ఎక్కువ తాగింది.

ఏడు వారాలకి జబ్బు తిరగబడింది. ఈసారి చెంచాలతో కాదు. రోజుకి ఇరవైసార్లు, జ్వరం, పొట్టంతా రాయిలా బిగుసుకుపోయింది. మరియదాసు ఆమెని రిక్షాలో ఒళ్ళో పడుకోబెట్టుకుని గవర్నరుపేట తీసుకెళ్ళాడు. దారిలో బెంజి సర్కిల్ దగ్గర లారీలు అడ్డం నిలిచిపోతే, అతను దిగి ఆ డ్రైవర్లకి చేతులెత్తి మొక్కడం ఆమెకి మసకమసకగా గుర్తు.

ఇరవై మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది. మూడు సీసాల నెత్తురెక్కించారు. వారం చూసి, తగ్గకపోతే పెద్దపేగు తీసేయాల్సి వస్తుందని సర్జను మరియదాసుతో అన్నాడు. తీసేస్తే పొట్టకి పక్కన రంధ్రం పెట్టి సంచి కడతారట. బతికున్నంతకాలం మలం అందులోకే. శౌరమ్మ కళ్ళు మూసుకుని ఉంది గానీ ఆ మాట విన్నది. సంచితో వంటింట్లోకి ఎవరు రానిస్తారు? సంచితో గుడిలో ఎక్కడ కూర్చోవాలి? చచ్చిపోతానన్న భయం కంటే ఆ బతుకు భయమే ఆ వారమంతా ఆమెని ఎక్కువ వేధించింది.

ఆరో రోజున జ్వరం దిగింది. సర్జను ఇంకో రెండు రోజులు చూద్దామన్నాడు. ఆ తర్వాత కోత అవసరం లేదని రావడం మానేశాడు.

ఛాయాదేవి మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. కోపంగానే ఉంది. "నేను చెప్పిందేంటి, నువ్వు చేసిందేంటి?"

"మజ్జిగతోనే తగ్గిందనుకున్నానండీ."

"అది సాయం చేసి ఉండొచ్చు. కాదనను. కానీ ఇల్లు తగలబడుతుంటే మజ్జిగ పోసి ఆర్పలేం శౌరమ్మా. ఈ జబ్బు పోదు. అణిగి ఉంటుంది. అణిచి ఉంచేది ఆ మాత్ర. మజ్జిగ తోడు, అంతే. నాకు తెలిసింది ఇంతే. తెలియంది చాలా ఉంది. తెలియని చోట నువ్వు సాహసం చెయ్యకు."

శౌరమ్మ ఆ తర్వాత మాత్ర మానలేదు. మజ్జిగా మానలేదు. రెండో దఫా వంటింట్లోకి వెళ్ళేనాటికి డేగిసా ఎత్తే బలం లేదు. మణెమ్మ రెండోవైపు పట్టుకునేది. ఆ తర్వాత రెండేళ్ళకి దయామణి పదో క్లాసు పాసై నర్సు ట్రైనింగుకి వెళ్ళింది. వెళ్ళేముందు వంటింటి గుమ్మంలోకి వచ్చి దణ్ణం పెట్టింది. తనవల్లే ఆ పిల్ల చచ్చిపోతుందని ఒక పూటంతా నమ్మానని శౌరమ్మ ఆమెకి ఎన్నడూ చెప్పలేదు.

భయం మాత్రం పూర్తిగా వదల్లేదు. బాగున్న రోజుల్లో కూడా ప్రతి పొద్దునా చూసుకునేది. ఏమీ లేదని తెలిశాకే ఆరోజు మొదలైనట్టు. ఏడాదికోసారి గొట్టం పరీక్ష. దాని ముందు వారం అన్నం సహించేది కాదు.

1979 మే నెలలో తమ్ముడు ఏసుపాదం చల్లపల్లి నించి వచ్చి కూతురి పెళ్ళికి పిలిచాడు. ఆరేళ్ళుగా శౌరమ్మ బస్సెక్కలేదు. వాళ్ళింట్లో ఏ శుభకార్యానికీ పోలేదు. రానంది. ఏసుపాదం శుభలేఖ ఆమె ఒళ్ళో పెట్టాడు. మరియదాసే, "పోదాం. ఏమైతే అదవుద్ది" అన్నాడు.

పెళ్ళికి ముందురోజు పొద్దున ఏమీ తినకుండా బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుని దారిలో ప్రతి ఊరూ, ప్రతి చెట్ల గుంపూ, ప్రతి ఇల్లూ చూసుకుంటూ పోయింది. ఉయ్యూరు దాటాక పొట్టలో మెలిక పడింది. ఆమె మరియదాసు చెయ్యి పట్టుకుంది. చెమటలు కారుతున్నాయి. బస్సు నిండా జనం. ఇరుపక్కలా ఎండిన వరిమళ్ళు. మాటు లేదు.

ఇదివరకటి శౌరమ్మ అయితే పళ్ళు బిగపట్టి చచ్చిపోయేది గానీ నోరు విప్పేది కాదు. ఆమె లేచి నిలబడి, సీట్లు పట్టుకుంటూ ముందుకి వెళ్ళి, "బాబూ, నాకు పేగు జబ్బుంది. బస్సాపాలి. ఇప్పుడే ఆపాలి" అంది కండక్టరుతో. ఆమె గొంతు బస్సంతా వినపడింది. ఎవరో వెనక నవ్వారు. కండక్టరు ఆమె మొహం చూసి గంట తాడు లాగాడు.

రోడ్డు పక్కన ఒక పెంకుటిల్లుంది. గుమ్మంలో ధాన్యం ఎండబోస్తున్న ముసలావిడ ఏమీ అడగకుండా పెరటివైపు చెయ్యి చూపించింది. వెనకే చెంబుతో నీళ్ళు తెచ్చి తలుపు బయట పెట్టింది.

శౌరమ్మ చూసుకుంది. నెత్తురు లేదు.

బయటికొచ్చేసరికి బస్సు ఇంకా ఆగే ఉంది. మరియదాసు మెట్టు మీద నిలబడి ఇటే చూస్తున్నాడు. ఆమె ముసలావిడకి దణ్ణం పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, అందరూ చూస్తుండగా నడిచి వెళ్ళి బస్సెక్కింది.